కర్మాగారములందు మద్యపాన నివారణము: అన్నూరు ప్రాంతపు తెలుగువారికొక వివరణము

మన పూర్వులు పెన్నను, పాలారును దాటి దక్షిణమునకు వచ్చిన వృత్తాంతమును గూర్చి పండితులు పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. వారు తెచ్చుకొన్న ఇలవేల్పులను గూర్చియు, ఇంటిపేళ్లను గూర్చియు, నేటికిని ఇంట వినవచ్చు మాటలను గూర్చియు చర్చలు సాగినవి. అట్లు వచ్చినవారి సంతతి ఇపుడు ఏ పని చేసి బ్రదుకుచున్నది, ఆ బ్రదుకునకు ఏ కీడు చుట్టుకొనియున్నది అను విషయమును పరిశీలించిన వ్రాతలు మాత్రము అరుదు. ఆ కీడులలో మొదట లెక్కింపదగినది త్రాగుడు. దానిని పనిచోటనే పట్టి మాన్పుటకు లోకమున జరిగిన యత్నములెట్టివి, వానిలో మనకు పనికివచ్చునవి ఏవి అను విషయములను వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. అన్నూరును, దాని చుట్టునున్న పనియు

కోయంబత్తూరునుండి సత్యమంగలమునకు పోవు బాటయు, మేట్టుపాళయమునుండి అవినాశికి పోవు బాటయు కలియుచోట అన్నూరు కలదు. విజయనగర ప్రభువుల కాలమునను, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పిన పిమ్మటను, కొంగునాటికి వచ్చి స్థిరపడిన తెలుగువారిలో సేద్యము చేయువారు, దండులలో కొలువు చేసినవారు, మగ్గము నేయువారు, తోలుపనివారు, మట్టిపనివారు అందరును ఉండిరి. నేటి కమ్మవారు, బలిజలు, దేవాంగులు, అరుంధతీయులు, ఒడ్డెలు వారి సంతతివారే.

ఈ సీమకు మిల్లుల యుగము 1888లో స్టేన్సు దొరతనపు నూలుమిల్లుతో ఆరంభమయ్యెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీమిల్లును స్థాపించిరి. 1932-33 ప్రాంతమున పైకారా జలవిద్యుత్తు అందివచ్చిన తరువాత మిల్లులు వరుసగా వెలసినవి. ప్రత్తి పండించిన కాపుకుటుంబములే కొన్ని మిల్లుల యజమానులైనవి; సేద్యపు కూలి చేసిన కుటుంబములు కదురుల యొద్దకు వచ్చినవి. నేడు అన్నూరు పరిసరములందు నూలుమిల్లులును, మరమగ్గములును, వానికి సరకులు మోయు లారీలును పెక్కు ఇండ్లకు కూడు పెట్టుచున్నవి.

కావున ఇచట మద్యపాన సమస్యలో ఒక విశేషము కలదు. పెక్కుచోట్ల యజమానియు తెలుగువాడే, కార్మికుడును తెలుగువాడే. ఒకని నష్టము మరియొకని లాభమని చెప్పుటకు వీలులేదు. ఉభయులును కూర్చుండి మాటలాడుకొనుటకు భాష అడ్డుగా లేదు. అడ్డుగా నున్నవి అంతరమును, భయమును మాత్రమే.

2. నిషేధము నేర్పిన పాఠము

మద్యమును గూర్చిన మన ఆలోచన చిరకాలము నిషేధము చుట్టునే తిరిగినది. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్యనిషేధ చట్టమును చేసి, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాయందు అమలుపరచెను. మరుసటి సంవత్సరము తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకును అది విస్తరించెను. దుకాణములు మూయుటతో తృప్తినొందక, పొదుపు సంఘములను, ఆటపాటలను, తేనీటి అంగడులను ప్రోత్సహించుటయు నాటి కార్యక్రమములో భాగమై యుండెను. 1948 అక్టోబరు 2 నాటికి నిషేధము మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. తమిళనాట అది 1971లో సడలి, 1974లో మరల వచ్చి, 1981లో మరల సడలెను. 1983లో ఏర్పడిన ప్రభుత్వ వాణిజ్యసంస్థకు 2003లో చిల్లర విక్రయముపై గుత్తాధికారము వచ్చెను.

ఆంధ్రదేశపు గాథయు ఇట్టిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

ఈ చరిత్రయందు స్త్రీల ధైర్యము నిలిచిపోయినది, చట్టము మాత్రము నిలువలేదు. ప్రభుత్వమునకు మద్యముపై వచ్చు రాబడి పెద్దది. దొంగసారాకు దారులు పెక్కు. దుకాణము తెరచియున్న కాలమందును, మూసియున్న కాలమందును ఒకే రీతిగా పనిచేయగల ఉపాయము మనకు కావలసియున్నది. అట్టి ఉపాయములలో పనిచోట జరుగు కార్యక్రమము ముఖ్యమైనది.

3. పనిచోటనే ఏల?

2019లో భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము 10 మొదలు 75 సంవత్సరముల వయసుగల వారిలో 14.6 శాతము మంది మద్యము సేవించుచున్నారు. పురుషులలో ఈ సంఖ్య 27.3 శాతము, స్త్రీలలో 1.6 శాతము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒకడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పెనట. మిగిలిన 37 మంది ఎచట ఉన్నారు? వారిలో పెక్కురు ప్రతిదినము ఏదో ఒక పనికి పోవుచునే యున్నారు.

వైద్యుడు రోగిని ఏడాదికొక పర్యాయము చూచును. మేస్త్రి అతనిని దినమునకు ఎనిమిది గంటలు చూచును. సోమవారపు గైరుహాజరు, కూలి ముట్టిన మరునాటి తలనొప్పి, తెగిన పోగును అతుకుటలో చేతివణకు, తోటివారితో అకారణ కలహము, మాటిమాటికి అడుగు అడ్వాన్సు, ఇవన్నియు రోగము ముదురుటకు కొన్ని సంవత్సరములకు ముందే పనిచోట కనబడును. ఇంటివారు చెప్పిన మాటను త్రోసిపుచ్చువాడు సయితము కూలి పోవునన్న మాటకు చెవియొగ్గును. ఈ రెండు కారణములచేతనే పనిచోటు నివారణకు అనుకూలమైన స్థలమని నిపుణులు తలంచిరి.

4. తెలియక జరుగు ప్రమాదము

పనివేళ త్రాగకున్నచో ప్రమాదము లేదని పలువురు నమ్ముదురు. ఒక చిన్న లెక్కను చూతము. మన దుకాణములందు అమ్ము 180 మిల్లీలీటర్ల సీసాలో, 42.8 శాతము మద్యసారము గల సరకైనచో, సుమారు 61 గ్రాముల ఆల్కహాలు ఉండును. 60 కిలోల బరువుగల పురుషుడు దానిని త్రాగినచో రక్తమున 100 మిల్లీలీటర్లకు సుమారు 150 మిల్లీగ్రాముల వరకు చేరగలదు. శరీరము దానిని గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించును. రాత్రి 11 గంటలకు సీసా ముగించినవాడు ఉదయము 6 గంటల వంతుకు వచ్చునప్పటికి ఇంకను 45 మిల్లీగ్రాములు మిగిలియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము చోదకునకు విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. ఇది స్థూలమైన లెక్క. మనిషినిబట్టి, తిండినిబట్టి మారును. అయినను చన్నీటి స్నానముగాని, మజ్జిగగాని, కాఫీగాని ఆ తగ్గుదలను వేగిరపరుపజాలవు. రాత్రి త్రాగి ఉదయమున లారీ నడుపువాడును, ఏకుయంత్రము కడ నిలుచువాడును తాము నిషాలో లేమని మనఃపూర్వకముగనే చెప్పుదురు.

ఈ అజ్ఞానమునకు వెల పెద్దది. 1923 నాటి కార్మిక పరిహార చట్టము ప్రకారము, త్రాగుడు ప్రభావముననే నేరుగా గాయము తగిలినచో, అది మరణమునకో సంపూర్ణ శాశ్వత వైకల్యమునకో దారితీయనపుడు, యజమాని పరిహారమీయనక్కరలేకుండెను. రెండు వ్రేళ్లు పోగొట్టుకొన్న కార్మికుని ఇంటికి ఆ ఒక్క మాటతో దిక్కులేకుండ పోవచ్చును.

5. దేశాంతరముల అనుభవము

పనికిని మద్యమునకును గల సంబంధమును తెంచు యత్నము మొట్టమొదట కూలి చెల్లించు చోటినుండి ఆరంభమయ్యెను. ఇంగ్లండులో కూలీలకు కల్లుపాకలలోనే కూలి పంచు ఆచారముండెను. 1883 నాటి చట్టము దానిని నిషేధించెను. అంతర్జాతీయ కార్మికసంస్థ 1949లో చేసిన వేతన రక్షణ ఒడంబడికయు మద్యపు అంగడులలో కూలి చెల్లింపరాదనియు, కూలికి బదులుగా ఘాటైన మద్యము నీయరాదనియు విధించెను.

రెండవ దశ అమెరికాలో ఆరంభమైనది. 1935లో అచట త్రాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడ్పడు ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము పుట్టెను. 1942లో డ్యూపాంట్ అను రసాయన సంస్థ తన ఉద్యోగులలో త్రాగుడు రోగులకై కార్యక్రమమును ఏర్పరచెను. తొలినాళ్లలో మేస్త్రులు 'త్రాగుబోతు లెవరు?' అని వెదకుచుండిరి. కన్నులెఱ్ఱబారినవాడు, చేయి వణకినవాడు పట్టుబడుచుండెను. తెలివిగా దాచుకొన్నవాడు తప్పించుకొనుచుండెను. క్రమముగా దృష్టి మారెను. మేస్త్రి రోగనిర్ణయము చేయనక్కరలేదు. పని సరిగా జరుగుచున్నదా, హాజరు సక్రమముగా నున్నదా అను రెంటిని మాత్రమే వ్రాసియుంచి, లోపము కనబడినపుడు సలహాదారునికడకు పంపినచో చాలునని తేలెను. కారణము త్రాగుడో, అప్పో, ఇంటి చిక్కో సలహాదారుడు తెలిసికొనును.

1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ ప్రకటించిన నియమావళి ఈ అనుభవమునకంతకు సారము. మద్యపు సమస్యను ఇతర ఆరోగ్య సమస్యలవలెనే చూడవలెను; రహస్యమును కాపాడవలెను; యాజమాన్యమును కార్మిక ప్రతినిధులును కలిసి నియమములను నిర్ణయింపవలెను; శిక్షకు ముందు చికిత్సకు అవకాశ మీయవలెను. క్రమశిక్షణాధికారము యజమానికి లేదని ఆ నియమావళి చెప్పలేదు; చికిత్స మేలని మాత్రము చెప్పినది.

మన దేశమునను ఈ దారి త్రొక్కినవారు కలరు. చెన్నపురిలో 1980లో శాంతి రంగనాథన్‌గారు స్థాపించిన టి.టి. రంగనాథన్ పరిశోధన సంస్థ రోగికి చికిత్స చేయుటతోపాటు అతని కుటుంబమునకు వేరుగా శిక్షణ నిచ్చుచు, కర్మాగారములతో కలిసి పనిచేసినది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థయు ఆర్టీసీ ఉద్యోగులనుద్దేశించి ఇట్టి కార్యక్రమములను నడపినది.

వైద్యమునకు కర్మాగారము చేసిన ఒక ఉపకారమును ఇచట చెప్పవలసియున్నది. 1937లో విలియమ్స్ అను అమెరికా వైద్యుడు రబ్బరు పనిలో వాడు ఒక రసాయనమును తాకిన కార్మికులకు మద్యము సరిపడకుండుటను గమనించి ప్రకటించెను. దానికి దగ్గరి చుట్టమైన డైసల్ఫిరామ్ అను మందు 1948లో డెన్మార్కు వైద్యులవలన చికిత్సలోనికి వచ్చెను. దానిని మింగినవాడు మద్యము త్రాగినచో ముఖము ఎఱ్ఱబారి, గుండె దడదడలాడి, వాంతులగును. తెలిసి, వైద్యుని పర్యవేక్షణలో తీసికొన్నవానికి ఇది ఊతకఱ్ఱ. తెలియకుండ కూరలోనో కాఫీలోనో కలిపి పెట్టినచో ప్రాణాపాయము కలుగవచ్చును. 'త్రాగుడు మాన్పు పొడి' యని పేరులేని పొట్లములను కొను తల్లులు, భార్యలు ఈ విషయమును తప్పక తెలిసికొనవలెను.

6. కార్యక్రమ స్వరూపము

మంచి కార్యక్రమము ఎట్లుండవలెనో క్రమముగా చెప్పెదను.

మొదటిది వ్రాతపూర్వకమైన నియమము. పనివేళ మద్యముండరాదు, మద్యము సేవించి పనికి రారాదు అను నియమము యజమానికి, గుమాస్తాకు, మేస్త్రికి, కూలివానికి ఒక్కటే కావలెను. పండుగనాడు ఆఫీసుగదిలో సీసా తెరచు యజమాని కార్మికునకు నీతి చెప్పజాలడు.

రెండవది మేస్త్రికి శిక్షణ. అతడు ఏమి వ్రాయవలెనో, ఏమి అనరాదో నేర్పవలెను. 'నీవు త్రాగుబోతువు' అనుట కలహము. 'ఈ నెలలో నాలుగు సోమవారములు రాలేదు, కారణమేమి?' అనుట సంభాషణ.

మూడవది పరీక్ష. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లో సిద్ధపరచిన ఆడిట్ అను ప్రశ్నావళిలో పది ప్రశ్నలు కలవు. మొత్తము 40 గుణములు. 8 వచ్చినవాడు హద్దు దాటుచున్నవాడు. అతనికి కొద్ది నిమిషముల హితబోధయే చాలవచ్చును. 20 వచ్చినవాడు నిపుణుని చూడవలసినవాడు. ఈ భేదము ముఖ్యము. త్రాగువారందరును రోగులుకారు, అందరిని ఆసుపత్రికి పంపనక్కరలేదు. ఈ ప్రశ్నలను ఇంటి తెలుగులో అడుగవలెను. అరవములో వ్యవహారము నడిపినను, సిగ్గును దుఃఖమును చెప్పుకొనుటకు మనవారికి తల్లిభాషయే నోట వచ్చును.

నాల్గవది చికిత్స. చాలకాలము మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో 6 మొదలు 48 గంటలలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతిచెడి పలవరింతలు కలుగవచ్చును. 2020 మార్చిలో దేశమంతట దుకాణములు మూతపడినపుడు హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టి రోగులు గుంపులుగా వచ్చిరి. కావున 'రేపటినుండి మానుము, లేదా మానుకొమ్ము ఉద్యోగము' అని గద్దించుట కూడదు. వైద్యుని పర్యవేక్షణలో మాన్పవలెను. కార్మిక రాజ్యభీమా పథకము కోయంబత్తూరునకు 1955లోనే వచ్చినది. ఆ పథకము క్రింద నున్నవారు దాని ఆసుపత్రిని అడుగవలెను.

ఐదవది తిరిగివచ్చుట. చికిత్స పొందివచ్చినవానికి పాతపని దొరకవలెను. మొదటి మూడు నెలలు రాత్రివంతు లేకుండ, యంత్రపు అంచున నిలుచు పని లేకుండ చూచుట మంచిది. మరల ఒకసారి జారినంత మాత్రమున అంతయు వ్యర్థమైనదని తలంపరాదు. మధుమేహివలె ఇతనికిని దీర్ఘకాలపు కనిపెట్టు అవసరము.

ఆరవది కూలి. వారపుకూలి శనివారము సాయంత్రము నగదుగా చేతబడుటయు, అదే దారిలో దుకాణముండుటయు మన ప్రాంతపు పెద్ద చిక్కు. వారము నడుమ చెల్లించుట, బ్యాంకులో వేయుట, కార్మికుడు కోరినచో కొంత భాగమును పొదుపులోనికి మళ్లించుట ఉపకరించును. అయితే కూలి కార్మికుని సొత్తు. అతని సమ్మతి లేక భార్య చేతికిచ్చుట మంచి ఉద్దేశముతో చేసినను చట్టమునకు సరిపడదు. జరిమానాలును అట్లే, ఒక వేతనకాలపు కూలిలో నూటికి 3 వంతులకు మించి జరిమానా విధింపరాదని చట్టము. జరిమానావలన త్రాగుడు తగ్గదు, ఇంటిలో బియ్యము తగ్గును.

7. పనియే త్రాగించు చోటు

ఇంతవరకు కార్మికుని అలవాటును గూర్చి చెప్పితిని. పనియే మనిషిని త్రాగుడునకు త్రోయుచోట్లు కలవు. కోయంబత్తూరు, మధుర మొదలగు పట్టణములందు పారిశుధ్యపు పని పెక్కు తరములుగా తెలుగు మాటలాడు అరుంధతీయ కుటుంబములపై బడియున్నది. మురికికాలువ దుర్గంధము భరింపలేక పనికి ముందు త్రాగుదుమని ఆ వృత్తివారు చెప్పుట లోకవిదితమే. అట్టివానికి ఉపన్యాసమిచ్చుట పరిహాసము. అచట మద్యనివారణ కార్యక్రమమనగా యంత్రము, ముసుగు, చేతితొడుగులు, పని ముగిసిన తరువాత వేడినీటి స్నానము. మనిషి చేతితో మలము తీయించుటను, రక్షణ లేక కాలువలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఇట్లు దింపగా మరణించినవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయల పరిహార మీయవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2023 అక్టోబరులో ఆజ్ఞాపించినది. ఆ చట్టము సరిగా నడచుచోట త్రాగుడు తనంత తానే కొంత తగ్గును.

మిల్లులందును ఈ న్యాయమే వర్తించును. వరుసగా రెండు వంతులు చేసి నిద్రపట్టక త్రాగువానికి మొదట కావలసినది విశ్రాంతి. ఏ కర్మాగారములోనైనను త్రాగుడు హెచ్చుగానున్నదని విన్నపుడు కార్మికుల నడత నడుగుటకు ముందు పనిగంటల పుస్తకమును చూడవలెను.

8. చిన్న కర్మాగారముల చిక్కు, ఒక సూచన

1948 నాటి కర్మాగారముల చట్టము 500 మంది కార్మికులున్నచోట సంక్షేమాధికారిని నియమింపవలెనని విధించెను. పెద్దమిల్లులకు అది సాధ్యమైనది. పదిమంది, ఇరువదిమంది పనిచేయు మరమగ్గపు శాలకు వైద్యుడెక్కడ, సలహాదారుడెక్కడ? మన ప్రాంతమున పెక్కుమంది పనిచేయుచున్నది అట్టి శాలలలోనే. పైగా అచట యజమాని ముందుగా ఇచ్చిన అడ్వాన్సు కార్మికుని కట్టివేయును. త్రాగినను పని మాన్పింపడు, చికిత్సకును పంపడు.

కావున నా సూచన ఇది. అన్నూరు పరిసరములందలి చిన్నశాలలవారు కలిసి ఒక సలహాదారుని నియమించుకొనవచ్చును. తెలుగు సంఘము తన భవనమున వారమునకొక సాయంత్రము అతనికి ఒక గది నీయవచ్చును. ఆ గదికి వచ్చినవాని పేరు యజమానికి గాని, సంఘపు పెద్దలకు గాని తెలియరాదు. ఈ ఒక్క నియమము తప్పినచో మరునాటినుండి ఎవరును రారు. తాగుడు మానినవారే నడుపు సంఘమునకు అదే చోటు నీయవచ్చును. స్త్రీలకు వేరుగా ఒక పూట ఉండవలెను. వారు భర్త మానువరకు వేచియుండనక్కరలేక తమ బిడ్డల చదువును, తమ పొదుపును కాపాడుకొనుటకు తోడు దొరకవలెను. ఏ కులమువాడు వచ్చినను ఒకే బల్లపై కూర్చుండవలెను. తెలుగు పేరుతో మనము కట్టుకొన్న భవనమునకు పారిశుధ్యపు పని చేయు తెలుగువాడు జంకు లేక రాగలుగుట ఆ సంఘమునకు నిజమైన పరీక్ష.

ఫలితమును కొలుచుటయు కష్టము కాదు. ఆరంభమునకు ముందు ఆరునెలల సోమవారపు గైరుహాజరును, ప్రమాదములను, అడ్వాన్సుల మొత్తమును వ్రాసియుంచి, ఏడాది తరువాత అవే లెక్కలను చూచినచో మేలు జరిగినదో లేదో తెలియును. ఎంతమంది ఉపన్యాసము వినిరో వ్రాసికొనుట లెక్క కాదు.

ఉపసంహారము

దుకాణమును మూయుట ప్రభుత్వము చేతిలోనిది. తెరచుటయు దాని చేతిలోనిదే. కర్మాగారపు ద్వారము లోపలి వ్యవహారము మన చేతిలో నున్నది. మేస్త్రి మాటతీరు, కూలి చెల్లించు దినము, చికిత్స పొందివచ్చినవానికి మిగిల్చియుంచిన చోటు, ఇవి గొప్ప ధనవ్యయము లేనివి. కొంగునేలపై తొలి నూలుమిల్లు వెలసి నూటముప్పదియేండ్లు దాటినది. ఇన్నాళ్లును మనవారు నూలు నాణ్యమును కొలుచుటలో మెలకువ చూపిరి. తెగిన పోగును అతికి మరల కదురుపై ఎక్కించుట మిల్లులో ప్రతిదినము జరుగు పనియే; దానిని పారవేయువానిని ఎవరును నేర్పరి యనరు. మనుష్యుని విషయమునను ఆ నేర్పును చూపుదురుగాక యని పాఠకులను కోరుచున్నాను.